గొంగడి అంచుకో మెరుపు పట్టీ

2024 జనవరి 2న హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బండ్లు బారులు తీరాయి. హిట్ అండ్ రన్ కేసులకు కొత్త చట్టంలో పెట్టిన శిక్షలు మరీ ఎక్కువని లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. బంకుల్లో ఆయిల్ నిండుకుంటుందని జనం ఎగబడ్డారు. ఆ రోజు చంచల్‌గూడలో జొమాటో పార్సిళ్లు అందించే యువకుడొకడు బండి పక్కనబెట్టి గుర్రమెక్కాడు. వీపున ఎర్ర సంచి, చుట్టూ ఆటోలు, కార్లు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. ఇంట్లో అందరూ నవ్వుతుంటే మా మనవడు మాత్రం ఒక మాట అడిగాడు: "తాతా, స్కూటీకి ఎనుక ఎర్ర లైటుంటది. మరి గుర్రానికేముంటది?"

మంచి ప్రశ్న బిడ్డా. ఇవాళ్టి కబురంతా దాని మీదే.

గుర్రమెక్కి రోడ్డు మీదికి రావడం ఇంకా మామూలుగా సాగుతున్న దేశం బ్రిటన్. అక్కడి పల్లె దారులు ఇరుకు. రెండు పక్కలా ఎత్తు కంచెలు, అడుగడుక్కీ మలుపులు. అందుకే అక్కడి రౌతులు కళ్లు చెదిరే పసుపుపచ్చ జాకెట్ తొడుగుతారు. గుర్రం కాళ్లకు, తోకకు మెరిసే పట్టీలు చుడతారు. హెల్మెట్ మీదో ఛాతీ మీదో చిన్న కెమెరా బిగిస్తారు. ఎవరైనా కారును ఒంటి మీదికి తెస్తే ఆ వీడియో పోలీసులకు పంపుతారు. వేల్స్ పోలీసులు ఇలాంటి వీడియోలు తీసుకోవడానికే ఆపరేషన్ స్నాప్ అని ఒక పద్ధతి పెట్టారు. 2022 జనవరి 29న మారిన అక్కడి హైవే కోడ్ ప్రకారం గుర్రాన్ని దాటే కారు గంటకు 10 మైళ్లు, అంటే మన లెక్కలో 16 కిలోమీటర్లు మించకూడదు. కనీసం 2 మీటర్ల ఎడం ఉంచాలి. బ్రిటిష్ హార్స్ సొసైటీ ఏళ్ల తరబడి దీనికోసం అడుగుతూనే వచ్చింది.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో గుర్రమంటే ఇప్పుడు పెళ్లి బారాత్‌లోనే. జట్కాల కాలం పోయింది. కానీ ఆ రౌతు స్థానంలో మనకు వేరే మనిషి ఉన్నాడు. తెల్లవారుజామున నల్ల గొంగడి కప్పుకుని, చేతిలో కట్టెతో, రెండొందల గొర్లను హైవే దాటించే కాపరి. ఎడ్లబండి తోలుకుపోయే రైతు. వడ్ల సంచులతో మిల్లుకు పోతున్న ట్రాక్టర్ ట్రాలీ. మోటారు రోడ్డు మీద మోటారుకు సమానమైన వెలుగు లేకుండా నడిచేవాళ్లు వీళ్లే.

మన రోడ్లు తలుచుకోండి. పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగానే పోతుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. 2012 నాటికి మన వైపు అది నాలుగు వరసలైంది. మిర్యాలగూడకు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డుంది, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు కలిపే మరో జాతీయ రహదారి ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లు కోతల కాలంలో ఈ రోడ్ల మీదే మిర్యాలగూడ మిల్లులకు చేరాలి. రాత్రిళ్లు మిల్లుల ముందు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉంటాయి. చాలా ట్రాలీలకు వెనక లైటుండదు. ఉన్నా వైరు తెగి ఉంటుంది.

2014 డిసెంబర్ 6 సాయంత్రం మునగాల మండలం ఆకుపాముల దగ్గర సినిమా నిర్మాత నందమూరి జానకిరామ్ కారు ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన చనిపోయారు. అది సూర్యాపేటకు, కోదాడకు మధ్య ఊరు. పేరున్న మనిషి కాబట్టి ఆ రోజు రాష్ట్రమంతా ఆకుపాముల పేరు విన్నది. పేరు లేనివాళ్ల కబురు పక్క ఊరికి కూడా చేరదు. అందుకే ఈ సంగతి నాకు మనసులో గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు కాసేపు లెక్క వేసుకుందాం. కష్టం కాదు, కాగితం కూడా అక్కర్లేదు.

గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ముందు ఏదో ఉందని కన్ను చూసి, మెదడు పోల్చుకుని, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర పడుతుందనుకోండి. ఆలోపే బండి 42 మీటర్లు పోయింది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం వంద మీటర్ల మాట. మరి లైటు డిప్‌లో పెట్టి పోతున్న కారుకు ముదురు రంగు బట్టలేసుకున్న మనిషి ఎంత దూరాన కనిపిస్తాడు? ఇంచుమించు 25, 30 మీటర్లలో. అంటే కనబడేసరికే ఆలస్యమైంది. డ్రైవర్ ఎంత మంచివాడైనా, తాగకపోయినా, ఫోను చూడకపోయినా, ఆ 70 మీటర్ల లోటు ఎవరూ పూడ్చలేరు. వేగం తగ్గించాలి, లేదంటే ఎదుటి మనిషి ముందే కనబడాలి.

వేగం తగ్గితే ఎంత లాభమో కూడా చూడండి. 100కు బదులు 50లో పోతే మొదటి సెకనున్నరలో 21 మీటర్లే. బ్రేకు దూరం మాత్రం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. 55 కాస్తా 14 మీటర్లు. కదిలే బండిలోని శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, ఆగేటప్పుడు ఆ శక్తినంతా బ్రేకులూ టైర్లూ వేడిగా మార్చి వదిలించుకోవాలి. ఊళ్ల దగ్గర బోర్డు పెట్టి వేగం తగ్గించమనడం వెనక ఉన్నది ఈ లెక్కే.

ఇక కనబడటం సంగతి.

మన కాపరుల నల్ల గొంగడి గొప్ప వస్తువు. దక్కని గొర్రె నల్ల ఉన్నితో కురుమలు నేసేది. వానకు తడిసినా చలి ఆపుతుంది, పరిస్తే పక్క, కప్పితే ఇల్లు. కానీ వెలుగు దగ్గర అది దాచుకునే రకం. మీద పడ్డ వెలుగులో నూటికి ఐదు వంతులు కూడా తిప్పి పంపదు. తెల్ల పంచె నూటికి డెబ్బై, ఎనభై వంతులు పంపుతుంది. బాగుంది కదా, మరి తెల్ల పంచె కడితే సరిపోతుందా? సరిపోదు. తెల్ల బట్ట ఆ వెలుగును అన్ని వైపులకీ చల్లేస్తుంది. ఆకాశానికి కొంత, పొలాల్లోకి కొంత, రోడ్డు మీదికి కొంత. డ్రైవర్ కళ్లకు చేరేది అందులో పిసరంత. పైగా హెడ్‌లైటు నుంచి దూరం రెట్టింపైతే మీద పడే వెలుగే నాలుగో వంతైపోతుంది.

కావలసిందేమిటంటే, వెలుగు ఎటునుంచి వచ్చిందో సరిగ్గా అటే వెనక్కి పోవాలి. అద్దం ఆ పని చేయదు. అద్దానికి ఎదురుగా నిలబడితే తప్ప వెలుగు ఇంకోవైపు పోతుంది. వచ్చిన దారినే తిరిగి పంపే ఏర్పాటు ప్రకృతిలో ముందే ఉంది. పశువుల కళ్లలో.

రాత్రి కొట్టంలోకి టార్చి వేస్తే ఎడ్ల కళ్లు నీలిపచ్చగా మెరుస్తాయి కదా. ఆవు, మేక, గొర్రె, గుర్రం, పిల్లి, కుక్క, వీటన్నిటి కంటి లోపల, చూపు తెర వెనక ఒక మెరిసే పొర ఉంటుంది. శాస్త్రం దాన్ని టపీటమ్ అంటుంది. చూపు తెరను దాటిపోయిన వెలుగును ఈ పొర మళ్లీ వెనక్కి కొట్టి, చూడటానికి ఇంకో అవకాశం ఇస్తుంది. చీకట్లో మేసే జంతువుకు అది అవసరం. అప్పటికీ వాడుకోని వెలుగు కంటి కటకంలోంచే బయటికి, వచ్చిన దారినే పోతుంది. అందుకే టార్చి పట్టుకున్నవాడికే ఆ మెరుపు కనబడుతుంది. మనుషులకూ పందులకూ ఆ పొర లేదు. అయితే ఇందులో ఒక చిక్కుంది. గొర్రె తల మన వైపు తిప్పితేనే మెరుపు. మంద వెనక నుంచి వచ్చే కారుకు రెండొందల వీపులు కనబడతాయి, కళ్లు కాదు.

ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ దగ్గర పెర్సీ షా అనే రోడ్డు మరమ్మతుల మనిషి ఈ ఏర్పాటునే రబ్బరులో బిగించిన గాజు గోళీలతో చేసి 1934లో పేటెంట్ పొందాడు. ఆయన చేసినవాటికి పిల్లి కళ్లు అనే పేరు నిలిచిపోయింది. మంచుపొగలో, చీకట్లో రోడ్డు మధ్య గీత కనబడేలా వాటిని రోడ్డులో పాతారు. బండి టైరు పైన ఎక్కి నొక్కినప్పుడల్లా ఆ రబ్బరు గాజును తుడిచి శుభ్రం చేసేలా అమర్చడం ఆయన తెలివిలో నాకు మరీ నచ్చిన ముక్క. ఇవాళ మన 65వ నంబరు రోడ్డు మీద మెరిసే స్టడ్లు ఆ వంశానివే.

ఇప్పుడు రేడియం స్టిక్కర్ దగ్గరికి వద్దాం. నంబరు ప్లేట్లు చేసే షాపుల్లో అమ్ముతారే, అది. అందులో రేడియం ఒక్క అణువు కూడా ఉండదు, అది తనంతట తాను వెలగదు. ఒక ముక్క తెచ్చి మంచి భూతద్దం కింద పెట్టి చూడండి. రెండు రకాలు కనబడతాయి. ఒక రకంలో ఇసుక కన్నా సన్నని గాజు పూసలు ఒత్తుగా పరిచి ఉంటాయి. ఒక్కో పూస మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. గాజు ఎంత బలంగా వెలుగును వంచాలో లెక్కగట్టి చేస్తారు. వెలుగు పూస ముందు భాగంలో వంగి సరిగ్గా వెనక గోడ మీద చుక్కగా పడాలి, అక్కడున్న అల్యూమినియం పూత మీద తిరిగి అదే దారిన బయటికి రావాలి. రెండో రకంలో పూసలుండవు. తేనెపట్టు గీతల్లాంటి అచ్చులో చిన్న చిన్న మూలలు ఉంటాయి. మూడు పలకలు ఒకదానికొకటి లంబంగా కలిసిన మూలలు. క్యారమ్స్ ఆడేటప్పుడు స్ట్రైకర్‌ను మూల దగ్గర కొడితే రెండు అంచులనూ తాకి, పోయిన దారికి పక్కనే సమాంతరంగా మన వైపే వస్తుంది కదా. అక్కడ రెండు గోడలు, ఇక్కడ మూడు. వెలుగు మూడు గోడలనూ తాకి వచ్చిన వైపే మళ్లుతుంది. సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఈ రకమే.

ఇదే మూల చందమామ మీద కూడా ఉంది. 1969లో అపోలో 11 వాళ్లు ఇలాంటి మూలలు వంద ఉన్న పలక ఒకటి అక్కడ పెట్టి వచ్చారు. భూమ్మీది నుంచి లేజర్ కొడితే వెలుగు తిరిగొస్తుంది, ఆ సమయాన్ని బట్టి దూరం కొలుస్తారు. చందమామ ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతోందని అలాగే తెలిసింది. మన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా ఇచ్చిన 5 సెంటీమీటర్ల రిఫ్లెక్టర్ ఉంది, ఎనిమిది మూలలది. 2023 డిసెంబర్ 12న చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక వంద కిలోమీటర్ల దూరం నుంచి లేజర్ కొట్టి దాని జవాబు అందుకుంది. వంద కిలోమీటర్ల నుంచి అంత చిన్న వస్తువు దొరికినప్పుడు, వంద మీటర్ల నుంచి ట్రాలీ దొరకదా?

ఇంట్లో చేసి చూడవలసిన పరీక్ష ఒకటుంది. చీకటి పడ్డాక ఆ స్టిక్కర్ ముక్కను గోడకు అంటించి ముప్పై అడుగులు వెనక్కి పోండి. టార్చిని కంటి పక్కనే చెవి దగ్గర పట్టుకుని వేయండి. ముక్క భగ్గుమంటుంది. ఇప్పుడు అదే టార్చిని పిల్లవాడి చేతికిచ్చి పది అడుగులు పక్కకు పంపండి. వెలుగు అదే ముక్క మీద పడుతూనే ఉంటుంది, మీకు మాత్రం అది చప్పగా కనబడుతుంది. మా మనవడు పక్కకు జరిగి "నాకిప్పుడు మెరుస్తుంది తాతా, నీకు లేదా?" అన్నాడు. లేదు మరి. వెలుగు ఎవరిదో మెరుపు వాళ్లకే. రోడ్డు మీద హెడ్‌లైటు, డ్రైవర్ కళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టే ఈ పట్టీలు పనిచేస్తున్నాయి. తెల్ల బట్ట కన్నా వందల రెట్లు ప్రకాశంగా కనబడటానికి కారణం అదే.

పగటి సంగతి వేరు. బ్రిటన్ రౌతుల పసుపుపచ్చ జాకెట్ రంగు పగటి కోసం. ఆ రంగు కంటికి కనబడని అతినీలలోహితాన్నీ, నీలాన్నీ మింగి పసుపుపచ్చగా మార్చి వదులుతుంది. అందుకే ఆ బట్ట మీద పడిన పసుపు కన్నా దాని నుంచి వచ్చే పసుపు ఎక్కువ. పగటి చూపులో మన కన్ను బాగా పట్టేది కూడా 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ కలిసిన పసుపు. పొద్దు వాలే వేళ, మబ్బు పట్టినప్పుడు ఆకాశపు వెలుగులో నీలం పాలు ఎక్కువ కాబట్టి ఆ రంగు అప్పుడు ఇంకా లేచి కనబడుతుంది. పూర్తిగా చీకటి పడ్డాక దాని పని అయిపోయినట్టే. హెడ్‌లైట్లలో అతినీలలోహితం దాదాపు ఉండదు. పసుపు సోడియం దీపాల కింద ఏ రంగూ రంగు కాదు. రాత్రికి వెండి పట్టీయే దిక్కు. రోడ్డు పని కూలీల జాకెట్లకు రంగూ, పట్టీ రెండూ ఉండటం చూస్తుంటాం కదా, అందుకే.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన సంగతి చెప్పాలి. పట్టీ ఎంత పెద్దదన్నది కాదు, ఎక్కడ కట్టామన్నది అసలు కిటుకు.

స్వీడన్‌లోని ఉప్సలాలో గున్నార్ జోహాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన మనుషుల మోకాళ్లు, చీలమండలు, మోచేతులు, భుజాల దగ్గర వెలుగు చుక్కలు మాత్రమే కనబడేలా చేసి చీకట్లో సినిమా తీశాడు. మనిషి కదలకుండా ఉన్నంతసేపు చూసేవాళ్లకు అవి వట్టి చుక్కలు. నడవడం మొదలవగానే, కన్ను మూసి తెరిచేలోగా, "మనిషి నడుస్తున్నాడు" అని చెప్పేశారు. 1973లో ఈ పరిశోధన అచ్చయింది. తర్వాత మరో చోట అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలకు ఇలాంటి చుక్కలు చూపిస్తే అవి కూడా నడిచే ప్రాణి చుక్కల వైపే పోయాయి. ప్రాణం కదలికను గుర్తుపట్టే అమరిక కంటికీ మెదడుకీ పుట్టుకతోనే ఉందన్నమాట.

దీన్ని మన రోడ్డు మీదికి తెచ్చుకుందాం. ఛాతీ మీద ఒక మెరుపు ముక్క ఉంటే డ్రైవర్‌కు అది మైలురాయో, గేటో, పడి ఉన్న డబ్బానో తెలియదు. అదే రెండు చీలమండల దగ్గర పట్టీలుంటే, పైకి కిందికి ఆడుతూ, అది మనిషి నడక అని తక్షణం తెలిసిపోతుంది. హెడ్‌లైటు డిప్‌లో ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ పడేది కూడా నేల దగ్గరే. అందుకే గుర్రాలకు కాళ్ల పట్టీలు చుట్టేది. ఎద్దుకైనా అంతే. గిట్టకు పైన పట్టీ వదులుగా కాకుండా, రక్తం ఆగేంత బిగువుగా కాకుండా కట్టాలి. ఇంటికి రాగానే విప్పేయాలి. మందలో అన్నిటికీ అక్కర్లేదు, ముందు నడిచే పొట్టేలుకు మెడపట్టీ, చివర నడిచే రెండు గొర్లకు కాళ్ల పట్టీలు, కాపరి చీలమండలకు రెండు, చేతి కట్టె కొనకు ఒకటి. కట్టె ఊపితే ఆ కదలిక దూరం నుంచే తెలుస్తుంది.

నడిచేవాళ్లు వేళ్లాడదీసుకునే చిన్న రిఫ్లెక్టర్ పుట్టిన కథ కూడా గుర్రంతోనే ముడిపడి ఉంది. ఫిన్లాండ్‌లో అర్వి లెహ్తి అనే ప్లాస్టిక్ సామాన్ల తయారీదారు దాన్ని మొదట గుర్రపు బండ్ల కోసం చేశాడు. తర్వాత మనుషుల జేబులకు చేరింది. చలికాలంలో రోజులో ఎక్కువ భాగం చీకటిగా ఉండే ఆ దేశంలో ఇప్పుడు చీకట్లో నడిచేవాళ్లు రిఫ్లెక్టర్ పెట్టుకోవాలని చట్టమే ఉంది. 2014లో అక్కడి రెయిన్‌డీర్ కాపరులు జంతువుల కొమ్ములకు మెరిసే పూత పూసి చూశారు. మన రైతులు పండుగకు ఎడ్ల కొమ్ములకు రంగు వేస్తారు కదా. ఆ రంగు ఆరాక కొమ్ముకు ఒక వరస పట్టీ చుడితే ముందు నుంచి వచ్చే బండికి అదీ కనబడుతుంది.

జంతువు ఏం చూస్తుందో కూడా తెలిసి ఉండాలి. గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీల చూపుంటుంది, సరిగ్గా వెనక, సరిగ్గా ముక్కు ముందు తప్ప. ఎరుపు, పచ్చ తేడా దానికి తెలియదు, నీలం, పసుపు బాగా తెలుస్తాయి. వెలుగులోంచి చీకటికి అలవాటు పడటానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. పెళ్లి బారాత్‌లో అదే ప్రమాదం. హైవే పక్క ఫంక్షన్ హాలు ముందు ఎల్‌ఈడీ దీపాల మధ్య, డీజే మోతలో గంటసేపు నిలబెట్టిన గుర్రాన్ని ఒక్కసారిగా చీకటి రోడ్డు మీదికి తిప్పుతారు. దానికి ఆ క్షణాన ఏమీ సరిగా కనబడదు. వెనక నుంచి లారీ హారన్ కొడితే బెదిరిపోదా? వరుడి తలపాగాకు ఉన్న మెరుపులో కొంత గుర్రం కాళ్లకు కట్టినా బాగుండును. గుర్రం పట్టుకున్న మనిషికి ఒక జాకెట్ తొడిగినా బాగుండును. ఇది ఖర్చు లేని జాగ్రత్త.

కెమెరా మాట. నేను కెమెరాను తక్కువ చేయను, కానీ వరసలో రెండో చోటు ఇస్తాను. దెబ్బ తగలకుండా ఆపేది పట్టీ, తగిలాక ఎవరి తప్పో చెప్పేది కెమెరా.

డ్యాష్ కెమెరా, హెల్మెట్ కెమెరా పనిచేసే తీరు ఒకటే. సెకనుకు 30 బొమ్మలు తీస్తూ, మెమరీ కార్డు నిండగానే పాతవి చెరిపి కొత్తవి రాస్తుంది. లోపల కుదుపును పసిగట్టే చిన్న చిప్ ఉంటుంది. సిలికాన్‌లో చెక్కిన, కంటికి ఆనని ఒక బరువు దెబ్బకు పక్కకు జరిగితే విద్యుత్తు మారుతుంది, వెంటనే ఆ ముక్క చెరిగిపోకుండా తాళం పడుతుంది. వెడల్పుగా చూసే కటకం కాబట్టి అన్నీ ఉన్నదానికన్నా దూరంగా కనబడతాయి. వీడియో చూసి "అంత దగ్గరికి రాలేదే" అనేస్తారు. కొలిచి చూడటమే న్యాయం. హైవే అంచున కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకు ఒక చిన్న రాయి ఉంటుంది. ఆ రాయి నుంచి ఈ రాయికి బండి 9 సెకన్లలో వచ్చిందంటే వేగం 80 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య బండి ముప్పావు మీటరు కదులుతుంది. ఇంత లెక్క ఆ చిన్న కార్డులో దాగి ఉంటుంది.

మన దేశంలోనూ 2021 ఆగస్టులో వచ్చిన నిబంధన 167ఎ ట్రాఫిక్ పర్యవేక్షణకు ఒంటికి తగిలించుకునే కెమెరాలనూ, డ్యాష్‌బోర్డు కెమెరాలనూ గుర్తించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సెక్షన్ 63 ఉంది. దాంతో ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని అంకెలన్నిటినీ గణితంలో వేసి నూరి తీసిన ఒక గుర్తు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. అందుకే ఏదైనా జరిగితే కార్డు తీసి భద్రం చేయాలి. కత్తిరించకూడదు, పాటలు కలపకూడదు. మామూలుగా వీడియోగా వాట్సాప్‌లో పంపితే అది కుదించి వేరే ఫైలు చేస్తుంది, అసలుది మాత్రం మన దగ్గరే ఉండాలి.

కెమెరాను హెల్మెట్ మీద బిగించడం మీద నాకు అనుమానముంది. హెల్మెట్ పని దెబ్బను వెడల్పుగా పరిచి తలకు చేరే బలాన్ని తగ్గించడం. మీద గట్టి గుబ్బ ఉంటే బలమంతా ఆ ఒక్కచోట పడుతుంది. కేరళ రవాణా శాఖ 2022లో బైకు హెల్మెట్ల మీద కెమెరాలు వద్దంది. ఛాతీకి పట్టీతో కట్టుకుంటే మేలు.

పట్టీ కట్టే బరువంతా కాపరి నెత్తిన వేస్తే అన్యాయం. చట్టం కూడా అలా అనలేదు. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 132 చదవండి. జంతువును తోలుకుపోతున్న మనిషి, అది బెదిరిందనో బెదురుతుందనో అనిపించి ఆపమని చేయెత్తితే డ్రైవర్ బండి ఆపాలి, కావలసినంతసేపు ఆగి ఉండాలి. ఆడీ కారైనా ఇసుక లారీ అయినా ఆగాల్సిందే. చాలామంది డ్రైవర్లకు ఇది తెలియదు, కాపరులకు అసలే తెలియదు. డ్రైవింగ్ స్కూళ్లలో ఇది మొదటి పాఠంలో చెప్పాలని నా కోరిక. ఎదుటి బండికి డిప్పర్ కొట్టడం, సంక్రాంతి రోజుల పొగమంచులో హై బీమ్ వేయకుండా ఉండటం కూడా డ్రైవర్ చేతిలోని పనులే. మంచు బిందువులు హై బీమ్ వెలుగును తిరిగి మన కళ్లలోకే చల్లి ముందు తెల్ల గోడ కడతాయి. ఆ గోడ వెనక మంద ఉంటే పట్టీ కూడా కాపాడలేదు.

దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. ఐదు రోజులు యాదవ కుటుంబాలు మేకలు, గొర్రెపోతులతో వస్తాయి. గుట్ట హైవే పక్కనే కాబట్టి హైదరాబాద్–విజయవాడ బండ్లను నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పంపుతారు. అంటే మన మూడు ఊళ్ల రోడ్లూ ఒకేసారి నిండుతాయి. హైవే మళ్లిన బండ్లన్నీ ఇరుకు రోడ్ల మీద వడ్ల ట్రాక్టర్ల మధ్యకు వస్తాయి. 2025 ఫిబ్రవరిలో జరిగింది, కాబట్టి మళ్లీ 2027లో. అప్పటికి సమయముంది. సూర్యాపేట, మిర్యాలగూడ రేడియం షాపుల వాళ్లు ముక్కలైపోయిన స్టిక్కర్ చివర్లు పారేయకుండా ఉంచితే, మిల్లుల యజమానులు గేటు దగ్గరే ట్రాలీ వెనక రెండు మూలలా అంటించి పంపవచ్చు. ఎర్రది వెనకకు, తెల్లది ముందుకు, పసుపుది పక్కలకు. అంటించే ముందు ఊక దుమ్ము, గ్రీజు తుడవాలి, లేకపోతే వారంలో ఊడిపోతుంది.

గొంగడికైతే స్టిక్కర్ నిలవదు, కుట్టే పట్టీ కావాలి. రోడ్డు కూలీల జాకెట్లకు వేసే వెండి రంగు గుడ్డ పట్టీ, రెండు వేళ్ల వెడల్పుది, సరిపోతుంది. ఉన్ని సాగుతుంది కాబట్టి పట్టీని లాగి కుట్టొద్దు, పెద్ద కుట్లతో వదులుగా కింది అంచు చుట్టూ వేయమని టైలర్‌కు చెప్పండి. ఉతికేటప్పుడు బ్లీచింగ్ పౌడర్ వద్దు, ఇస్త్రీ వద్దు, బురద అంటితే తడి గుడ్డతో తుడిస్తే చాలు. ఏడాదికోసారి రాత్రిపూట టార్చి చెవి దగ్గర పట్టుకుని చూడండి. వెండి రంగు ఉన్నా మెరుపు లేదంటే పూసలు రాలిపోయినట్టు, పట్టీ మార్చేయాలి.